జోడేఘాట్ తర్వాతే మార్లవాయి

ఆర్కేడీ మార్టిన్ నవల ‘ఎ డెసొలేషన్ కాల్డ్ పీస్’ను మొన్నటి సెలవుల్లో ఉట్నూరులో చదివాను. 2021లో వచ్చింది, ‘ఎ మెమరీ కాల్డ్ ఎంపైర్’కు కొనసాగింపు. అందులో అంతరిక్ష సామ్రాజ్యం ముందు యుద్ధనౌకలను పంపుతుంది. ఎదుటివాళ్ల మాట పట్టుకోగలిగిన ఇద్దరు ఆడవాళ్లను ఆ తర్వాత పంపుతుంది. చదువుతున్నంతసేపూ మా ఆదిలాబాద్ అడవులే కళ్లముందు మెదిలాయి.

నిజాం కాలంలో ఇక్కడ జంగ్లాత్ (అటవీశాఖ) వాళ్లు హద్దులు గీసి గోండుల్ని సాగుభూముల నుంచి వెళ్లగొట్టారు. పట్టాలేమో బయటినుంచి వచ్చినవాళ్ల చేతికి పోయాయి. జల్, జంగల్, జమీన్ మావేనన్న గోండు నాయకుడు కుమ్రం భీమును 1940లో నిజాం పోలీసులు జోడేఘాట్‌లో కాల్చి చంపారు. ఆ నెత్తురు పారాకే గోండుల గోడేమిటో తెలుసుకు రమ్మని సర్కారు ఒక మనిషిని పంపింది.

ఆయన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్. పుట్టింది వియన్నాలో. 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి బ్రిటిషు వాళ్లకు శత్రువు. హైదరాబాద్ సంస్థానంలో మాత్రం ఉండనిచ్చారు. ఒక సామ్రాజ్యానికి శత్రువైనవాడు నిజాంకూ గోండులకూ నడుమ రాయబారి అయ్యాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకున్నాడు, గోండి నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. పిల్లలు తమ మాటలోనే అక్షరాలు దిద్దారు. ఆ దశాబ్దం ముగిసేలోపు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు అందాయి.

ఆయన పేరు తలచుకుంటే నాకు గౌరవమే. అయితే ఆ పట్టాలు నిజాం దయవల్ల వచ్చాయంటే ఒప్పుకోను. భీము తిరగబడకపోతే మార్లవాయికి ఏ రాయబారీ వచ్చేవాడు కాదు.

ఈ కథకూ రెండో భాగం ఉంది. హైమెన్‌డార్ఫ్ 1970లలో తిరిగొచ్చేసరికి ఎన్నో భూములు మళ్లీ చేతులు మారాయి. ఆ బాధ ఆయన తర్వాతి పుస్తకాల్లో నిండా ఉంది. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. అప్పటికి స్వతంత్రం వచ్చి ముప్పై మూడేళ్లు దాటింది. ఈసారి తుపాకీ పట్టింది నిజాం కాదు.

బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. హైమెన్‌డార్ఫ్ అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు.

జైనూరు, కెరమెరి, సిర్పూర్-యు బడులకు కొత్తగా వచ్చే టీచర్లకు సాటి టీచరుగా నా మనవి ఒక్కటే: మొదటి ఏడాదిలోనే గోండి నేర్చుకోండి. మీ తరగతిలోని పిల్లలే నేర్పుతారు.