దీర్ఘవ్యాధి వల్ల సంఘకాపరుల ప్రవర్తనలో వచ్చే మార్పు

సంఘకాపరి దీర్ఘవ్యాధి వల్లగానీ, దానికి వాడే మందుల వల్లగానీ ఉన్నట్టుండి కోపంతో ఊగిపోవడం, నోరు జారడం, కాసేపటికే మామూలు మనిషై బాధపడటం తెలుగు క్రైస్తవ సంఘాల్లో కొత్త సంగతి కాదు. అయ్యగారి మీద గౌరవంతో సంఘమూ, పరువుకు భయపడి ఆయన భార్య అయిన అమ్మగారూ దాచిపెడతారు. దాంతో వైద్యం ఆలస్యమవుతుంది.

కారణాలు చాలా. థైరాయిడ్ అతిగా పనిచేస్తే చిరాకు, గుండెదడ, నిద్రలేమి కలిసి వస్తాయి. కాలేయం బాగా దెబ్బతింటే రక్తంలో పేరుకున్న విషపదార్థాలు మెదడు మీద పనిచేసి మనిషి తీరునే మార్చేస్తాయి. ఉబ్బసానికో కీళ్లవాతానికో వాడే ప్రెడ్నిసొలోన్, మూర్ఛకు వాడే లెవెటిరాసెటమ్ కొందరిలో కోపాన్ని రేపుతాయి. ఎక్కువగా 45–65 ఏళ్ల మధ్య మొదలయ్యే ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాను పోల్చుకోవడం మరీ కష్టం. మొదట్లో జ్ఞాపకశక్తి బాగానే ఉంటుంది, వాక్యం చెప్పగలరు, కానీ ఎదుటివారి బాధ మనసుకు పట్టదు.

మన సంఘాల్లో ముఖ్యంగా గమనించవలసినవి ఉపవాస ప్రార్థనలు. షుగరున్న పాస్టరుగారు పొద్దున్నే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా ప్రసంగానికి నిలబడతారు. పదకొండు దాటేసరికి చేతులు వణుకుతాయి, చొక్కా చెమటతో తడిసిపోతుంది. మైకు కూసిందని కీబోర్డు వాయించే కుర్రాణ్ణి అందరి ముందూ తిట్టిపోస్తారు. జనం అది ఆత్మావేశం అనుకుంటారు. గ్లూకోమీటరుతో చూస్తే చక్కెర డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉండవచ్చు. అలా ఉంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. అసలు ఉపవాసం ఉండవచ్చా, మాత్ర మోతాదు మార్చాలా అన్నది ముందే డాక్టరును అడగవలసిన విషయం.

కోపం వచ్చిన రోజు, వేళ, అంతకుముందు తిన్నదీ వేసుకున్న మందూ ఒక పుస్తకంలో రాసుకుంటే డాక్టరుకు ఎంతో ఉపయోగం. పాస్టరుగారితో మాట్లాడవలసింది ఆయన శాంతించాక, కమిటీ మీటింగులో కాకుండా విడిగా. ఆయన నమ్మే తోటి పాస్టరో, పాత సంఘపెద్దో వెళ్లి "అయ్యా, ఈమధ్య మీ ఒంట్లో బాగున్నట్టు లేదు, నేను తోడొస్తాను, చూపించుకుందాం" అనడం మేలు. జబ్బు వివరాలను ప్రార్థన మనవి పేరుతో సభలో చదవడం మాత్రం తప్పు. మానసిక వ్యాధి వివరాలను గోప్యంగా ఉంచే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే రోగికి ఇచ్చింది.

అభిషిక్తుని మీద చెయ్యెత్తకూడదన్న బైబిలు మాటతో బాధితుల నోరు మూయిస్తుంటారు. అభిషిక్తుడైన రాజు సౌలు మీద చెయ్యెత్తని దావీదే సౌలు ఈటె విసిరినప్పుడు తప్పుకుని పారిపోయాడు. కాబట్టి కొట్టడం, బెదిరించడం దాకా వస్తే భార్యాపిల్లలను ముందు సురక్షితమైన చోటికి చేర్చాలి. అత్యవసరానికి 112, మహిళలకు 181, మానసిక సలహాకు టెలీ మానస్ 14416 ఉన్నాయి.

జబ్బు బయటపెట్టకపోవడానికి అసలు కారణం చాలాచోట్ల ఇల్లే. పని పోతే పాస్టరు క్వార్టరు ఖాళీ చేయాలి. కతోలిక సంఘం 1983 నాటి ధర్మశాస్త్రంలో దీనికి దారి చూపింది. శారీరక, మానసిక వైకల్యం శాశ్వతమై విధులు సరిగా నెరవేర్చలేని విచారణ గురువును మేత్రాణులు (బిషప్పు) తొలగించవచ్చు. కానీ ఆయన బతుకుదెరువు చూడాలి. ఇబ్బంది లేకుండా కదల్చలేనంత జబ్బుతో ఉంటే, ఆ అవసరం ఉన్నంతకాలం గురునివాసాన్ని ఆయనకే వదలాలి. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వంటి సంఘాల్లో ఈ సంగతి బిషప్పు దాకా తీసుకెళ్లవచ్చు. ఒక్క పాస్టరే స్థాపించి నడిపే స్వతంత్ర సంఘాలకు పైన అడిగేవారే ఉండరు. అక్కడ పెద్దలే పూనుకుని సెలవు కాలానికి జీతం, ఆదివారం ప్రసంగానికి మరొకరు, ఇంటికి కనీసం ఏడాది గడువు కాగితం మీద రాసి ఇస్తే, ఆ కుటుంబం జబ్బు సంగతి దాచకుండా ఆసుపత్రికి వెళ్లగలుగుతుంది.