వరంగల్ అడవుల్లో షికారు

నేటి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు, వాటిని ఆనుకొని ఉన్న నర్సంపేట, ములుగు ప్రాంతాలు కలిసిన నేలే ఈ వ్యాసంలో చెప్పుకొనే వరంగల్ సీమ. ఇక్కడ స్థానిక షికారీలు జాడ చూపగా నిజాం నవాబులు, జాగీర్దారులు, ఇంగ్లీషు అధికారులు, వారి అతిథులు సాగించిన పెద్ద జంతువుల వేట షికారుగా ప్రసిద్ధి. పులి, చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న, సాంబార్ అని కూడా పిలిచే కణుజు ఇందులో ముఖ్యమైన జంతువులు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఎల్క్ అనే భారీ దుప్పిని కొట్టాలనుకున్నవాళ్లలో కొందరు ఏదో ఒక ప్రైవేటు ర్యాంచ్‌కు సొమ్ము కట్టి, అక్కడి బంగళాలో దిగి, గైడు వెంట నడుస్తారు. తెలుగునేల మీద అలాంటి ప్రైవేటు వేటభూమి నిలదొక్కుకోలేదు. ఇక్కడ అడవి పాలకుడిది, వేటకు అనుమతి అతని దయ. దారి చూపినవాడు మాత్రం ఊరి మనిషి, చాలాచోట్ల కోయ మనిషి. షికారు చరిత్రలో అతని పేరు దాదాపు ఎక్కడా కనబడదు.

అడవి, జంతువులు

ఈ సీమ అంతా ఒక్క తీరుగా ఉండదు. జనగామ వైపు మెట్ట పొలాలు, రాతి గుట్టలు, తుమ్మ పొదలు. అక్కడి వేట కుందేలుకు, కౌజుపిట్టకు, అడవిపందికి. నెక్కొండ, కేసముద్రం దాటి గూడూరు, కొత్తగూడల మీదుగా పాకాల వైపు వెళ్లేకొద్దీ టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప చెట్లు దట్టమవుతాయి. ఆ అడవి తాడ్వాయి, ఏటూరునాగారం, మహాదేవ్‌పూర్ దాకా సాగి గోదావరిని తాకుతుంది. అవతలి ఒడ్డున బస్తర్, గడ్చిరోలి అడవులు ఉన్నాయి కనుక జంతువులకు జిల్లా ఎల్లలు, రాష్ట్ర సరిహద్దులు అడ్డం కాలేదు.

భారతదేశపు దుప్పి జాతుల్లో కణుజే పెద్దది. పెరిగిన మగది రెండు మూడు క్వింటాళ్లు తూగుతుంది. ఎల్క్‌కు ఇక్కడ జోడీ వెతికితే దీన్నే చెప్పాలి. సిలోన్‌లోని ఇంగ్లీషు వేటగాళ్లు కణుజునే ఎల్క్ అనేవారు. శామ్యూల్ బేకర్ 1854లో అచ్చువేయించిన వేటపుస్తకంలో కుక్కలతో తరిమించి పట్టిన ఎల్క్‌లన్నీ కణుజులే. ఇది పగలంతా వాలుల మీద నీడన పడుకొని, పొద్దుగూకాక మేతకు దిగుతుంది. కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. చలికాలంలో అవి గట్టిపడి ఉంటాయి కాబట్టి కొమ్ముల మీద కన్నున్నవాడు అప్పుడు వచ్చేవాడు. పులి కోసం వచ్చేవాడికి ఎండాకాలమే అదను. వాగులు ఎండి, నీళ్లు నాలుగు మడుగులకు కుదించుకుపోయినప్పుడు పులి ఎక్కడుందో ఊహించడం తేలిక. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలే ఇప్పపువ్వు కణుజును, దుప్పిని, ఎలుగుబంటిని ఒకే చెట్టు కిందికి రప్పించేది. ఈ లెక్క తెలిసిన షికారీకి నీటి మడుగు ఎంతో ఇప్పచెట్టూ అంతే.

కాకతీయుల కాలం

వేటను రాజవినోదంగా లెక్కించడం దక్కనులో పాత సంగతి. తొలి కాకతీయులకు ప్రభువులైన కల్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో వేటకు ప్రత్యేకమైన భాగమే ఉంది. తెలుగు ప్రబంధ కవులు వర్ణించి తీరవలసిన అంశాల్లో వేట ఒకటి కావడం, పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట విస్తారంగా రావడం కూడా ఆ సంప్రదాయపు కొనసాగింపే. అయితే ఈ సీమలో వేటకు నిలిచిన అత్యంత సజీవమైన సాక్ష్యం పుస్తకంలో లేదు, పాలంపేటలో ఉంది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి మదనికల్లో ఒకామె వేటకత్తె. ఆమె కాలిలో దిగిన ముల్లును మరొకరు తీస్తుంటారు. రాజు వేటకు వెళ్తే గుర్రం, గొడుగు, పరివారం ఉంటాయి. ముల్లు గుచ్చుకునేది కాలినడకన వెళ్లేవాళ్లకే. ఆ తేడా తెలిసిన శిల్పి చెక్కిన బొమ్మ అది.

అదే 1213 ప్రాంతంలో గణపతిదేవుని ఏలుబడిలో జగదల ముమ్మడి నాయకుడు పాకాల చెరువు కట్టించాడు. గుట్టల నడుమ వాగుకు కట్ట వేసి సాగునీటికి ఏర్పాటుచేసిన చెరువు అది. ఎండాకాలంలోనూ నీళ్లు నిలవడంతో చుట్టుపక్కల అడవి జంతువులకు అదే దిక్కయింది. ఏడు శతాబ్దాల తర్వాత షికారుకు వచ్చినవాళ్లు కాకతీయుల సేద్యపు తెలివిని తమకు తెలియకుండానే వాడుకున్నారు.

రైలు, నిజాం, కర్జన్

ఆసఫ్‌జాహీల కాలంలో మంచి అడవులు కొన్ని షికార్‌గాహ్‌లుగా, అంటే పాలకుడి వేటకు ప్రత్యేకించిన నేలగా ఉండేవి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1869 నుంచి 1911 దాకా ఏలాడు. పరిపాలన కంటే పులివేటలోనే అతనికి ఎక్కువ పేరు వచ్చిందని చెప్పినా పెద్ద అతిశయోక్తి కాదు. ముప్పై పులులకు పైగా కొట్టాడని ప్రతీతి. మానుకోటకు మహబూబాబాద్ అన్న పేరు వచ్చింది ఇతని మీదుగానే.

షికారు తీరును మార్చింది మాత్రం నిజాం గురి కాదు, రైలు. సికింద్రాబాద్ నుంచి జనగామ, కాజీపేట, వరంగల్, నెక్కొండ, మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా వెళ్లే దారి 1889 నాటికి బెజవాడను చేరింది. ఆ దారి వేసింది సింగరేణి బొగ్గు కోసం, కోస్తాతో వ్యాపారం కోసం. కానీ దానితో పాటే రాజధానికి ఒక్క రాత్రి ప్రయాణ దూరంలోకి పులి అడవి వచ్చింది. ఎడ్లబండ్ల మీద వారాల తరబడి మోయాల్సిన డేరాలు, వంటసామాను, గుర్రాలు స్టేషన్‌లో దిగసాగాయి.

ఈ సౌకర్యానికి పరాకాష్ఠ 1902 ఏప్రిల్‌లో నెక్కొండ దగ్గర జరిగిన వేట. వైస్రాయి లార్డ్ కర్జన్ ఆ మార్చి చివర హైదరాబాద్‌కు వచ్చి బేరార్ ప్రాంతాన్ని బ్రిటిష్ ప్రభుత్వానికి శాశ్వత కౌలుకు ఇవ్వడానికి నిజాంను ఒప్పించాడు. ఏటా 25 లక్షల రూపాయల కౌలు. ఆ ఒప్పందం నవంబరులో కాగితమెక్కింది. బేరం కుదిరిన వెంటనే వైస్రాయి దంపతులకు నెక్కొండలో షికారు విందు ఏర్పాటైంది. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు, ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ స్టూడియో ఆ పర్యటనను ఫొటోలు తీసి ఆల్బంగా కూర్చింది. అవి ఇప్పటికీ షికారు చరిత్ర రాసేవాళ్లకు ముఖ్యమైన ఆధారం. అడవిలో బంగళా లేకపోతే డేరాలే బంగళాగా మారేవి. తివాచీలు, కుర్చీలు, మంచుగడ్డలతో సహా అన్నీ వెంట వచ్చేవి. ఇలాంటి ఫొటోల కింద తుపాకి పట్టినవాళ్ల పేర్లు, హోదాలు జాగ్రత్తగా రాసి ఉంటాయి. పులి ఏ వాగులో పడుకుందో కనిపెట్టినవాడి పేరు రాయాలని ఎవరికీ తోచలేదు.

షికారు నడిచే తీరు

వేట ఖబర్‌తో మొదలయ్యేది. ఊరి షికారీ ఉదయాన్నే వాగు ఇసుకలో పంజా జాడలు చూసి, అది ఆడదా మగదా, రాత్రి నడిచిందా తెల్లవారుజామునా అన్నది తేల్చేవాడు. సాయంత్రం నాలుగైదు చోట్ల దున్నదూడల్ని ఎరగా కట్టేవారు. మర్నాడు ఏ దూడను పులి కొడితే ఆ చోటు చుట్టూ ఏర్పాట్లు జరిగేవి. పులి కడుపునిండా తిని దగ్గర్లోనే, నీటి పక్కన పడుకుంటుందన్నదే మొత్తం లెక్క. చెట్లకు మంచెలు కట్టి, దొరల్ని నిశ్శబ్దంగా ఎక్కించాక, అవతలి నుంచి హాకా మొదలయ్యేది. డప్పులు, డబ్బాలు, కేకలతో వందలాది మంది వరుసగా కదులుతూ జంతువును మంచెల వైపు తోలేవారు. పులి పక్కకు తప్పుకోకుండా అక్కడక్కడ చెట్ల మీద మనుషుల్ని కూర్చోబెట్టేవారు. వాళ్లు కొమ్మను చిన్నగా తట్టితే చాలు, పులి దారి మార్చుకొనేది.

కణుజు వేట దీనికి పూర్తిగా వేరు. గుంపు పనికిరాదు. తెల్లవారుజామున గాలికి ఎదురుగా, ఇద్దరే నడవాలి. ముందు షికారీ, వెనక తుపాకివాడు. ఉప్పుమన్ను నాకే చోట్లు, చెలిమెలు, మగ కణుజు కొమ్ములు రుద్దిన చెట్ల బెరడు, ఇవే ఆనవాళ్లు. కణుజు ప్రమాదం పసిగడితే గంట కొట్టినట్టు ఒక్క అరుపు అరుస్తుంది. ఆ అరుపు పులి వల్లనా, తమ వల్లనా అన్నది చెప్పగలిగినవాడే నిజమైన షికారీ. నైపుణ్యం తూకం వేస్తే హాకా కంటే ఇదే గొప్ప వేట. అయినా దర్బారుల్లో పులికే విలువ, కణుజు కొమ్ములకు వరండా గోడే దక్కింది.

హాకాకు మనుషుల్ని పోగుచేసే పని ఊరి పటేళ్ల మీద పడేది. అధికారులు పర్యటనకు వస్తే సామాను మోయడం, మేకను, కోడిని, గడ్డిని సమకూర్చడం ఎలా వెట్టి కింద జమయ్యేవో, షికారు పనులూ అలాగే. గాయపడ్డ పులి ముందుగా తిరగబడేది మంచె మీది మనిషి మీదకు కాదు, కింద కర్రతో నిలబడ్డవాడి మీదకు. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా కడవెండిలో 1946 జులై 4న దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య అనే సంఘం కార్యకర్త నేలకొరిగాక తెలంగాణ రైతాంగం వెట్టి మీదే మొదట తిరగబడింది. షికారుకు ఉచితంగా దొరికిన మనుషుల కాలం దానితో ముగిసింది. ఆ తర్వాతి అయిదేళ్లు పాకాల, గోదావరి అడవులు రైతాంగ పోరాటపు సాయుధ దళాలకు ఆశ్రయమయ్యాయి. వేట బంగళాలకు అతిథులు రావడం తగ్గిపోయింది.

కోయల వేట

దొరల షికారుకు ముందూ, పక్కనా, తర్వాతా కోయల వేట నడిచింది. విత్తనాలు వేయడానికి ముందు వచ్చే భూమి పండుగకు మగవాళ్లు విల్లంబులతో అడవికి వెళ్లడం, ఆడవాళ్లు దారి మీద పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్ల దగ్గర ఆశీలు వసూలు చేయడం గోదావరి తీరపు కోయగూడేల ఆచారం. ఇందులో కొమ్ముల కొలతలు లేవు, మాంసం గూడెమంతా పంచుకొనేవారు. నాయకపోళ్ల వంటి ఇతర సముదాయాలకూ తమ తమ వేట పద్ధతులున్నాయి. షికారీలుగా కుదిరినవాళ్లు వచ్చింది ఈ ఇళ్లనుంచే. నిజాం ప్రభుత్వం అడవుల్ని రిజర్వులుగా మార్చుతూ పోయేకొద్దీ ఒక వింత పరిస్థితి ఏర్పడింది. దొర కోసం జాడ తీస్తే బక్షీసు, తన కోసం అదే జాడ తీస్తే నేరం. 1940లలో నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేసిన హైమన్‌డార్ఫ్ అటవీ ఉద్యోగుల దౌర్జన్యాల గురించి పదే పదే రాయడానికి ఇలాంటివే కారణం.

అభయారణ్యాలు, నిషేధం

హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడే, 1952లో, పాకాల వన్యప్రాణి అభయారణ్యమైంది. విస్తీర్ణం దాదాపు 860 చదరపు కిలోమీటర్లు. ఏటూరునాగారం కూడా 1950ల తొలి ఏళ్లలోనే ఆ జాబితాలో చేరింది. మెదక్ వైపు నిజాం వేటభూమిగా ఉన్న పోచారంది కూడా ఇదే కథ. పాలకుడు వేట కోసం కాపాడుకున్న అడవే కాపాడటానికి మిగిలి ఉంది మరి.

అభయారణ్యాల బయట మాత్రం వేట ఆగలేదు. దేశమంతటా అటవీశాఖలు అడవుల్ని షూటింగ్ బ్లాకులుగా విడగొట్టి, రుసుము తీసుకొని పర్మిట్లు ఇచ్చేవి. నాగపూర్‌లోని ఆల్విన్ కూపర్ వంటి కంపెనీలు విదేశీయులకు బస, జీపు, షికారీ, హాకా అన్నీ కలిపి అమ్మాయి. అమెరికా ర్యాంచ్ వేటకు మన దేశంలో అతి దగ్గరగా వచ్చిన వ్యాపారం ఇదే. దాని ఆయుష్షు రెండు దశాబ్దాలు. జీపు, స్పాట్‌లైటు, చవక తుపాకులు వచ్చాక షికారీ నైపుణ్యం అవసరం లేకుండానే జంతువులు కూలాయి. 1970లో పులివేటను దేశమంతటా నిషేధించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు అనుమతించినా, 1991 సవరణతో ఆ తలుపూ మూసుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు భూమి మీద, తునికాకు మీద, వెదురు మీద హక్కులు గుర్తించింది. సంప్రదాయ హక్కుల్లో వేటను మాత్రం పేరు పెట్టి మరీ మినహాయించింది.

నిషేధం తర్వాత వేట చాటుకు పోయింది. నాటు తుపాకులు, ఉచ్చులు, వీటన్నిటికంటే ఘోరంగా పదకొండు కేవీ లైను నుంచి లాగిన కరెంటు తీగలు వచ్చాయి. భూపాలపల్లి జిల్లా మహాదేవ్‌పూర్ అడవిలో 2017లో బయటపడ్డ దుప్పుల వేట కేసు రాష్ట్రమంతా చర్చకు వచ్చింది. గోదావరి దాటి అప్పుడప్పుడు వచ్చే పులులకు కూడా ఈ తీగలే పెద్ద గండం. జాడలు చదవగల కోయ యువకులు కొందరు ఇప్పుడు అటవీశాఖ బేస్ క్యాంపుల్లో వాచర్లుగా, కెమెరాలు బిగించేవాళ్లుగా పనిచేస్తున్నారు.

ఈ జిల్లాల్లో చట్టం ఒప్పుకొనే వేట నేడు దాదాపు ఒక్కటే మిగిలింది. మక్క, పల్లి, వరి చేలను పాడుచేసే అడవిపందుల్ని చట్టంలోని 11వ సెక్షన్ కింద అనుమతి తీసుకొని, అధికారులు గుర్తించిన షూటర్లతో చంపించవచ్చు. పంది ఏ గట్టు దాటి వస్తుందో షూటరుకు చూపించేది ఇప్పటికీ ఊరివాళ్లే. మాంసం ఎవరూ తినకూడదు, కళేబరాన్ని పూడ్చిపెట్టాలి.