మార్లవాయిలో గోండీ బడి

ఏటా జనవరి 11న ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం మార్లవాయిలో రెండు సమాధుల దగ్గర గోండులు చేరతారు. 1987లో అదే రోజున కన్నుమూసిన బెట్టీ ఎలిజబెత్‌ది ఒకటి. రెండోది ఆమె భర్త, ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ది. ఆయన పేరెత్తితే అందరూ గోండులకు ఇప్పించిన భూముల పట్టాలు, నాగోబా జాతరలో మొదలెట్టించిన దర్బారు తలుచుకుంటారు. నాకు ముందు ఆయన పెట్టించిన బడి గుర్తొస్తుంది.

గోండు రాజులు చాందా (నేటి చంద్రపూర్) నుంచి వందల ఏళ్లు ఏలారు. 1751లో ఆ రాజ్యం మరాఠాల చేతికి పోయింది. ఇటు ఆదిలాబాద్ వైపు అడవులు చివరికి నిజాం ఏలుబడిలోకి వచ్చాయి. ఇన్ని తరాలూ గోండుల చరిత్ర వాళ్ల కథాగాయకులైన ప్రధాన్‌ల గొంతులో, వాళ్లు వాయించే కిక్రీ తీగల మీద నిలిచింది. తర్వాత అడవి సర్కారుదైంది, పోడు నేరమైంది. దాని మీద తిరగబడిన గోండు నాయకుడు కుమురం భీము 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు.

ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలనుకున్న నిజాం సర్కారుకు హైమన్‌డార్ఫ్ అందుబాటులో ఉన్నాడు. ప్రపంచయుద్ధం మొదలవగానే బ్రిటిష్ వాళ్లు ఆయనను శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లొద్దని కట్టడి చేశారు. భార్యాభర్తలు మార్లవాయిలో కాపురం పెట్టి గోండీ నేర్చుకున్నారు. నిజాం రెవెన్యూ మంత్రి గ్రిగ్సన్ అంతకుముందే బస్తర్ గోండుల మీద పుస్తకం రాసినవాడు. ఆయన అండతో 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది.

అప్పటికి గోండుల్లో చదువొచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. బయటి నుంచి పంతుళ్లను తెస్తే వాళ్లకు గోండీ రాదు, గూడెంలో నిలవరు. అందుకని కాస్తోకూస్తో మరాఠీ అక్షరాలు వచ్చిన గోండు యువకులనే పోగుచేసి పంతుళ్లను చేశారు. వాళ్లకు తెలిసిన దేవనాగరి లిపిలోనే గోండీ వాచకాలు తయారయ్యాయి. సేతు మాధవరావు పగడి వంటి అధికారులు కూడా గోండీ నేర్చుకుని ఈ పనిలో చేయి కలిపారు. పిల్లవాడి మొదటి పాఠం ఇంట్లో అమ్మ మాట్లాడే మాటలోనే సాగేది. మరాఠీ, ఉర్దూ ఆ తర్వాతే. మార్లవాయిలో తయారైనవాళ్లు పంతుళ్లే కాదు, పట్వారీలు, అటవీ ఉద్యోగులు కూడా అయ్యారు. పట్వారీ కాగితంలో ఏం రాశాడో గూడెం మొదటిసారి తానే చదువుకోగలిగింది. భూమి నిలబెట్టుకోవడానికి అంతకు మించిన ఆయుధం ఉందని నేననుకోను.

ఇంత చేసినా గోండీ ప్రాథమిక తరగతులు దాటి పైకి ఎక్కలేదు. 1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిసి బళ్లలో తెలుగు స్థిరపడింది. సరిగ్గా ఆ ఏడే బ్రిటన్‌లో, వేల్స్‌లోని రిల్ పట్టణంలో, తొలి వెల్ష్ మాధ్యమం ప్రభుత్వ హైస్కూలు తెరిచారు. వెల్ష్ మాట్లాడేవాళ్లు ఈనాటికీ ఆరు లక్షలకు లోపే. 2011 జనగణనలో గోండీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు దేశంలో 29 లక్షల పైనే.

1976 తర్వాత హైమన్‌డార్ఫ్ తిరిగి వచ్చి చూస్తే గోండుల భూములు చాలావరకు వలస వచ్చినవాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి, బడి భాష మాత్రం తెలుగుకు మారిపోయింది. నార్నూరు మండలం గుంజాలలో గోండీ సొంత లిపిలో ఉన్న రాతప్రతులు 2006లో బయటపడ్డాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారి పట్టుదలతో ఆ లిపికి ఫాంటు వచ్చింది, 2018లో యూనికోడ్‌లో చోటూ దక్కింది. మార్లవాయి గుస్సాడి నృత్య గురువు కనకరాజును 2021లో పద్మశ్రీ వరించింది. కానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో సంతాలీకి 2003లోనే దొరికిన చోటు గోండీకి ఇంకా దొరకలేదు.

ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కింద ఎన్నో ఆశ్రమ హైస్కూళ్లు ఉన్నాయి. వాటిలో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా గోండీ ఒక పరీక్ష సబ్జెక్టుగా ఉండాలి. దాన్ని చెప్పే పంతులుకు పర్మనెంటు పోస్టు ఉండాలి.