డోలియు డీజేయు



నేడు నేను చెప్పబూనిన విషయము పేరు విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. "ఈ పంతులునకు వేరు చరిత్రయే దొరకలేదా? కాకతీయులు లేరా? భద్రాద్రి రాముడు లేడా?" అని అడుగవచ్చును. అందరును కలరు. కాని నేడు మన పల్లెలలో పెండ్లి యన్నను, జాతర యన్నను, ట్రాక్టరుపై నెక్కి వచ్చి ఇంటికప్పు రేకులను గడగడలాడించు డీజే పెట్టె యొకటి కలదు గదా! దానికిని ఒక చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలియక నే నొక తప్పు చేసితిని. మొదట ఆ తప్పును చెప్పుకొని, పిదప చరిత్రలోనికి పోయెదను.

ఖమ్మము నుండి భద్రాచలము పోవు దారిలో, మాగాణి ముగిసి అడవి మొదలగు చోట మా కోయపల్లె యున్నది. రెండేండ్ల క్రిందట మా యింట మనుమరాలి పెండ్లి జరిగినది. తాతల నాటినుండి మా గట్టువారి శుభాశుభములకు డోలి కొట్టు కుటుంబ మొకటి కలదు. ఆచారము చొప్పున ఆ యింటి ముసలాయన పిలువకయే డోలి భుజమున వేసికొని వచ్చెను. పిల్లలు పట్టుపట్టి పట్టణమునుండి డీజేను గూడ రప్పించిరి. నేను కాదనలేదు. పెట్టెలు మ్రోగగనే డోలి వినబడలేదు. ఆయన కొంతసేపు కొట్టి చూచెను. తన చేతి దెబ్బ తన చెవికే సోకకపోవుటచే డోలిని చింతకొమ్మకు తగిలించి, ఆ చెట్టు క్రిందనే కూర్చుండెను. పోవునపుడు నేను కట్నము చేతిలో పెట్టబోగా, చేయి వెనుకకు తీసికొని, "కొట్టని డోలికి కట్న మేమిటి తమ్ముడా?" అని వెడలిపోయెను.

ఆ మాట నన్ను చాల దినములు నిద్రపోనీయలేదు. నా కోపము డీజే మీదికి మరలినది. హైదరాబాదులో చదువుచున్న మా మనుమడు సెలవులకు వచ్చినపుడు, "ఇది యెక్కడి దయ్యమురా?" అని వానిని గద్దించితిని. వాడు, "తిట్టుటకు ముందు ఒక గంట వినుము తాతా" అని తన ఫోనులోనికి క్రొత్తగా వచ్చిన మిక్సు నొకదానిని అరుగుమీద నాకు వినిపించెను. మిక్సు అనగా పాటలను విడివిడిగా గాక, ఒకదాని తోక మరొకదాని తలకు కలిపి అల్లిన మాల. ఫంకు, డిస్కో, హిప్‌హాపు, హౌసు అను నాలుగు తీరుల పాటలు అందులో నున్నవి. కిన్నెరసాని, తాలిపేరు, శబరి గోదావరిలో కలిసినట్లు అవి యన్నియు ఒకే దరువులో కలిసిపోవుచున్నవి. ఎక్కడను తెగుట లేదు. "ఈ నాలుగింటికిని ఇంటిపేరు లేమిరా?" అని అడిగితిని. వాడు చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు మీకు మనవి చేసెదను.

ముందుగా పేరు సంగతి. డీజే యనగా డిస్క్ జాకీ. డిస్కనగా గ్రామఫోను రికార్డు. జాకీ యనగా పందెపు గుఱ్ఱము నెక్కు రౌతు. రికార్డుపై స్వారి చేయువాడన్నమాట. ఈ పేరునకు పుట్టినిల్లు రేడియోయే యనిన మీరు ఆశ్చర్యపడుదురు. 1935లో న్యూయార్కు నగరమున మార్టిన్ బ్లాక్ అను ప్రసారకుడు వార్తల నడుమ దొరికిన ఖాళీలలో రికార్డులు వేసి, పెద్ద నాట్యశాల యెదుట నిలిచి మాటలాడుచున్నట్లు శ్రోతలను మురిపించెను. అట్టివారి కాపేరు పడినది. కనుక ఇప్పుడు మీతో మాటలాడుచున్న నేనును ఆ డీజేకు దూరపు చుట్టమునే!

ఇక దరువు సంగతి. అది ఇంకను పాతది. ఆఫ్రికానుండి బలిమిచే కొనిపోబడిన నల్లవారు అమెరికా తోటలలో బానిసలై యుండిరి. 1739లో దక్షిణ కరోలినా సీమలో స్టోనో నదియొద్ద వారు డోళ్లు మ్రోగించుచు తిరుగబడిరి. దొరలు ఆ తిరుగుబాటు నణచి, మరుసటి యేట, అనగా 1740లో, బానిసలు డోళ్లును కొమ్ములును ఉంచుకొనరాదని శాసనము చేసిరి. డోలి మ్రోతలో కబురున్నదనియు, ఆ కబురు జనమును కూడగట్టుననియు దొరలకు తెలియును. చేతినుండి డోలి పోయినను ఒంటినుండి దరువు పోలేదు. వారు అరచేతులతో తొడలపై కొట్టిరి, మడమలతో నేలపై కొట్టిరి. దరువును దాచి బ్రతికించుకొనిరి.

ఆ దాచిన దరువు 1960 తరువాతి యేండ్లలో ఫంకు అను పేర బయటపడినది. జేమ్స్ బ్రౌను అను గాయకుడు బూర, తంతి, గొంతు మొదలగు వానినన్నిటిని డోలివలెనే వాడెను. ప్రతి ఆవృత్తమునకు మొదటి దెబ్బ బరువుగా పడవలెనని యతని నియమము. 1967 నాటి అతని పాటలలోనే ఈ మార్పు స్పష్టముగా వినబడును. అతని మేళములో క్లైడ్ స్టబుల్‌ఫీల్డు అను డ్రమ్ము వాయించువాడుండెను. 1970లో వెలువడిన ఒక రికార్డులో అతడు కొన్ని క్షణములు ఒంటరిగా వాయించిన దరువును తరువాతివారు కత్తిరించి వందలకొలది పాటలలో అతికించుకొనిరి. ఆ పాటలవలన కొందరు ధనికులైరి. 2017లో కన్నుమూసిన ఆ వాద్యగానికి మాత్రము అందులో న్యాయమైన పాలు దక్కలేదు. ఈ సంగతి చదివినపుడు నాకు చింతచెట్టు క్రింద కూర్చున్న మా డోలి ముసలాయన జ్ఞప్తికి వచ్చెను.

అదే 1970లో న్యూయార్కున డేవిడ్ మాన్‌కూసో యను నతడు తన నివాసముననే స్నేహితులను చేర్చి రాత్రియంతయు రికార్డులు వేయసాగెను. నల్లవారు, స్పానిషు మాటలాడువారు, తమ ప్రేమ తీరు వేరగుటచే సొంత యింటివారే వెలివేసినవారు, అట్టివారందరును అక్కడ భయము లేక ఆడుకొనిరి. ఇట్టి చోటులలో పెరిగిన పాట డిస్కో. ఆటగాండ్రకు మధ్యలో నిలుపు రాకూడదు గదా! కనుక ఒక పాట ముగియుచుండగనే రెండవ పాటను దానిలో కలుపు విద్య పుట్టినది. రెండెద్దుల అడుగు కలియనిదే కాడి మోయవని మన మెరుగుదుము. రెండు పాటల నడకయు అట్లే కలియవలెను. జపాను దేశపు టెక్నిక్సు సంస్థ 1972లో తెచ్చిన రికార్డు యంత్రము ఇందులకు మిక్కిలి అక్కరకు వచ్చినది. పాట వేగమును కొంచెము పెంచి, కొంచెము తగ్గించి, చెవితోనే సరిచూచుకొని రెండింటిని జతకట్టుదురు.

1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కులోని బ్రాంక్సు పేటలో మరియొక ముచ్చట జరిగినది. జమైకా ద్వీపమునుండి వలసవచ్చిన క్లైవ్ క్యాంబెల్ అను పదునెనిమిదేండ్ల పిల్లవానిని డీజే కూల్ హర్క్ అని పిలిచెడివారు. అతని చెల్లెలు సిండీ, బడికి క్రొత్తబట్టలు కొనుకొనుటకై డబ్బు కూడబెట్టదలచి, తాముండు మేడ క్రింది గదిలో ఆటపాటల విందు నేర్పాటు చేసెను. పాటలో గొంతు ఆగి, ఒట్టి దరువు మాత్రము వినవచ్చు క్షణముకొరకే కుఱ్ఱవాండ్రు కాచుకొనియుండి ఆడుచున్నారని హర్క్ కనిపెట్టెను. ఆ క్షణమును పొడిగించుటకు ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి, ఒకదానిలో దరువు ముగియగనే రెండవదానిలో ఆ దరువునే మొదలుపెట్టు పద్ధతిని అతడు తెచ్చెను. దానిపై మాటకారులు ప్రాసలు కట్టి పలికిరి. అదియే హిప్‌హాపు. ఇండ్లు తగులబడి, పనులు లేక, పట్టించుకొనువారు లేని పేటలో వాద్యములు కొనుటకు శక్తిలేని పిల్లలు పాత రికార్డునే వాద్యముగా చేసికొనిరి.

ఇంతలో డిస్కోపై ద్వేషము పెరిగినది. 1979 జూలై 12న షికాగో నగరములో రెండు బేసుబాలు ఆటల నడుమ, వేలకొలది జనులు చూచుచుండగా డిస్కో రికార్డులను కుప్పవేసి మందుగుండుతో ప్రేల్చిరి. జనము మైదానములోనికి దూకినది; రెండవ ఆట జరుగనేలేదు. ఆ రికార్డులు ఎవ్వరివో తలచుకొన్నవారికి, కాలినది పాట మాత్రమే కాదని తెలియును. కాని ఆ షికాగోలోనే 1977 నుండి వేర్‌హౌసు అను ఆటశాలలో ఫ్రాంకీ నకిల్స్ అను డీజే పాత డిస్కోకు క్రొత్త యంత్రపు దరువులు కలిపి వినిపించుచుండెను. ఆ శాల పేరులోని తుదిమాటయే ఆ పాటకు పేరైనది. అది హౌసు. నిమిషమునకు ఇంచుమించు నూటయిరువది దెబ్బలు, ఒకే తీరున, దంపుడు రోకలివలె పడుచుండును.

మన దేశమునకు ఈ ధోరణి ఆలస్యముగా రాలేదు. బెంగుళూరున పుట్టిన బిడ్డు లండనులో డిస్కో పాటలు కట్టి లోకమంతట పేరు తెచ్చుకొనెను. అతని బాణీకి నాజియా హసన్ పాడిన హిందీ పాట 1980లో ఖుర్బానీ చిత్రముతో ఊరూర మ్రోగినది. 1982లో చరణ్‌జిత్ సింగు అను బొంబాయి వాద్యగాడు యంత్రపు దరువుపై పది హిందూస్థానీ రాగములు వాయించి రికార్డు చేసెను. ఆ నాడు దాని నెవ్వరును పట్టించుకొనలేదు. పిదప పాశ్చాత్యులు దానిని విని, షికాగోవారికంటె ముందుగనే ఇట్టి ధ్వని యీ దేశమున పుట్టినదా యని ముక్కుపై వ్రేలు వేసికొనిరి. మన తెలంగాణలో తీన్‌మారు దరువు ఉండనే యున్నది. జానపదపు పాటకు ఆ దరువును, దానికి యంత్రపు దరువును చేర్చినవే నేడు మన పెండ్లిండ్లలోని డీజే పాటలు.

అయ్యా, ఇంత చరిత్ర విన్న పిదప నా కోపము చల్లారినది. డీజే దయ్యము కాదు. డోలి లాగికొనబడిన జనము తిరిగి సంపాదించుకొన్న డోలి యది. కాని చల్లారిన కోపము చోట దుఃఖము మిగిలినది. ఏలయన, డోలి లాగికొనబడినవారి దరువు వచ్చి, డోలి ఉన్నవారి చేతిలోనిదానిని నోరు మూయించుచున్నది.

మా డోలి ఒట్టి దరువు కాదు. డోలివారు మా కోయలలోనే ఒక శాఖ. వేల్పుల కొలువునకు ఒక దరువు, పెండ్లికి ఒకటి, చావునకు ఒకటి. పడిగె యను బొమ్మల గుడ్డ విప్పి, మా గట్టు ఎక్కడనుండి వచ్చినది, ఏ వేల్పు మాది, ఎవరితో మాకు పొత్తు కలియును, ఎవరితో కలియదు అని పాడి చెప్పుదురు. మాకు వ్రాతపుస్తకము లేదు. డోలియే మా పుస్తకము. భద్రాచలపు సీమ ఒకప్పుడు తూర్పుగోదావరిలో నుండి, 1959లో ఖమ్మములో చేరినది. 2014లో కొన్ని మండలములు ఆంధ్రకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా యైనది. కచ్చేరీల కాగితములలో మా యెల్లలు ఇన్నిమారులు మారినవి. డోలి పాటలోని యెల్లలు మాత్రము మారలేదు.

మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య గారిని మీలో పెక్కుమంది యెరుగుదురు. మేడారపు సమ్మక్క సారలమ్మల కథను డోలిపై కోయభాషలోను తెలుగులోను పాడగల అరుదైన పెద్ద. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చినది. 2024 జూనులో ఆయన కన్నుమూసెను. బిరుదు ఆయనకు వచ్చినది, సంతోషమే. కాని ఆయనతో ఎన్ని పేర్లు, ఎన్ని పాటలు నేలలోనికి పోయినవో యెవరు లెక్కింపగలరు?

దీనికి నేనేమి చేసితినో చెప్పి ముగించెదను. మనుమని వెంటబెట్టుకొని ఆ ముసలాయన యింటికి పోతిని. తప్పు నాదని యొప్పుకొంటిని. ఆ రాత్రి మా గట్టు కథ చెప్పుమని వేడుకొంటిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిదప డోలిని మంటకు చూపి, తోలు బిగువెక్కిన తరువాత మొదలుపెట్టెను. తెల్లవారువరకు పాడెను. మనుమడు ఫోనులో అంతయు పట్టినాడు. ఉదయము ఆయన కట్నము తీసికొనెను.

తరువాత కొన్నాళ్లకు మనుమడు ఆయన అనుమతితో ఆ దరువును ఒక హౌసు పాటతో జతకట్టి ఆయనకే వినిపించెను. ఆయన తల యూపుచు విని, "నడక కొంచెము తొందర. బాగున్నది. కాని ఇందులో తాతల పేర్లేవి?" అని అడిగెను. మనుమని యొద్ద జవాబు లేదు. నా యొద్దను లేదు.

ఇప్పుడు మా పల్లెలో ఒక కట్టుబాటు చేసికొంటిమి. పెండ్లిలో మొదట డోలి. పేర్లన్నియు పాడి ముగిసి, డోలివాని చేతిలో కట్నము పడిన పిదపనే పెట్టె మ్రోగవలెను. 2000 నాటి ధ్వని నియమముల ప్రకారము రాత్రి పది గంటలకు అది నోరు మూయవలెను. 2024లో హైదరాబాదు పోలీసువారు మతపు ఊరేగింపులలో డీజేను నిషేధించిరి. మాకు నిషేధము అక్కరలేకపోయినది. వరుస తెలిసిన చాలును.

పెద్దలారా, మీ యూర డోలి కొట్టు ముసలివాడు ఇంకను ఉండినయెడల, పెండ్లి వచ్చువరకు ఆగకుడు. ఈ వారమే పోయి కూర్చుండుడు. పిల్లలను వెంట తీసికొనిపొండు. వారి చేతిలో ఫోను ఉన్నది. ఆయన గొంతులో మీ తాతల పేర్లున్నవి.

సెలవు.