బహుళ ప్రవేశ పద్ధతులు

ఒకే టవరు పరిధిలో ఉన్న అనేక ఫోన్లు పరిమితమైన స్పెక్ట్రమ్‌ను ఒకదానికొకటి అడ్డురాకుండా వాడుకునే విధానాలను బహుళ ప్రవేశ పద్ధతులు అంటారు. పౌనఃపున్యం, కాలం, కోడ్, దిశ, శక్తి: వీటిలో దేని ఆధారంగా సిగ్నళ్లను విడదీస్తారన్నదాన్ని బట్టి పద్ధతి మారుతుంది. విడదీయడానికి చెల్లించే మూల్యమూ మారుతుంది.

1983లో షికాగోలో మొదలైన మొబైల్ ఫోన్ వ్యవస్థ ఏఎంపీఎస్‌లో ఒక్కో సంభాషణకు, ఒక్కో దిశలో 30 కిలోహెర్ట్జ్ ఛానెల్ కేటాయించేవారు. ఇది ఎఫ్‌డీఎంఏ. ఇద్దరూ మౌనంగా ఉన్నా ఆ ఛానెల్ మరొకరికి దక్కదు. జీఎస్‌ఎం 200 కిలోహెర్ట్జ్ క్యారియర్‌ను ఎనిమిది టైమ్‌స్లాట్లుగా పంచింది. స్లాటు నిడివి సుమారు 577 మైక్రోసెకన్లే కాబట్టి, దూరపు ఫోన్ సిగ్నల్ ఆలస్యంగా వచ్చి పక్క స్లాటులో పడే ప్రమాదం ఉంది. అందుకని ఎంత ముందుగా పంపాలో ఫోనుకు టవరే చెబుతుంది. ఆ సవరణకు హద్దు ఉన్నందువల్లే మామూలు జీఎస్‌ఎం టవరు పరిధి దాదాపు 35 కిలోమీటర్లు దాటదు.

సీడీఎంఏ దారి వేరు. అందరూ ఒకే బ్యాండులో, ఒకే సమయంలో ప్రసారం చేస్తారు. తనకు కావలసిన కోడ్‌తో పోల్చి చూసినప్పుడు రిసీవరుకు ఆ సిగ్నల్ తేటపడుతుంది, మిగతావి రొదగా ఉండిపోతాయి. చిక్కల్లా ఆ రొదతోనే. టవరు పక్కనున్న ఫోన్ సిగ్నల్, పొలిమేరలోని ఫోన్ సిగ్నల్ కన్నా వేల రెట్లు బలంగా చేరి దాన్ని ముంచేస్తుంది. క్వాల్‌కామ్ రూపొందించిన ఐఎస్-95లో టవరు ప్రతి ఫోనుకూ సెకనుకు 800 సార్లు శక్తి పెంచమనో తగ్గించమనో ఆదేశిస్తుంది. కోడ్‌ల గణితం ఎంత అందమైనదైనా, సీడీఎంఏను ఆచరణలో నిలబెట్టింది ఈ అలుపెరగని సర్దుబాటే. తర్వాత వచ్చిన 3జీ డబ్ల్యూసీడీఎంఏలో ఈ ఆదేశాలు సెకనుకు 1,500కు పెరిగాయి.

4జీ ఎల్‌టీఈ ఓఎఫ్‌డీఎంఏను ఎంచుకుంది. ఇందులో 15 కిలోహెర్ట్జ్ దూరంలో ఉండే సబ్‌క్యారియర్లను పన్నెండేసి చొప్పున ఒక బ్లాకుగా కడతారు. భవనాలకు తగిలి వచ్చే ప్రతిధ్వనుల వల్ల ఒక్కో ఫోనుకు ఒక్కో బ్లాకు బాగా పనిచేస్తుంది. ఎవరికి ఏది ఇవ్వాలో టవరు ప్రతి మిల్లీసెకనుకూ నిర్ణయించగలదు. అయితే ఈ తరంగంలో శక్తి శిఖరాలు ఎక్కువ, అవి ఫోన్ బ్యాటరీకి భారం. అందుకే ఫోన్ నుంచి టవరుకు వెళ్లే దిశలో ఎల్‌టీఈ ఎస్‌సీ-ఎఫ్‌డీఎంఏను వాడుతుంది. 5జీ ఈ పునాదినే ఉంచుకుని, అనేక యాంటెన్నాలతో వేర్వేరు దిశల్లోని ఫోన్లకు ఒకే బ్లాకును ఏకకాలంలో ఇస్తుంది. శక్తి స్థాయిల తేడాతో విడదీసే నోమాను మొబైల్ ప్రమాణాల సంస్థ 3జీపీపీ పరిశీలించింది కానీ 5జీ విడుదల 16 ప్రమాణంలో చేర్చలేదు.

ఇన్ని కేటాయింపులకూ ముందు ఫోన్ తన ఉనికిని టవరుకు తెలపాలి. ఆ తొలి పిలుపుకు ఏ ఫోనుకూ తనకంటూ ప్రత్యేక స్లాటు ఉండదు. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో నడిపిన అలోహా సూత్రమే అక్కడ పనిచేస్తుంది: పంపడం, ఢీకొంటే కాసేపాగి మళ్లీ పంపడం. అలోహా మూలరూపంలో ఛానెల్ సామర్థ్యం గరిష్ఠంగా 18 శాతమే వినియోగమవుతుంది, స్లాట్లు పెడితే 37 శాతం దాకా వస్తుంది. ఎల్‌టీఈలో ఈ పిలుపు కోసం ఒక్కో సెల్‌కు 64 సంకేత క్రమాలు ఉంటాయి. రెండు ఫోన్లు ఒకేసారి ఒకే క్రమాన్ని ఎంచుకుంటే, గుర్తింపు దక్కని ఫోన్ మళ్లీ ప్రయత్నించాలి.