నెలసరి నొప్పికి పేరు దొరికిన కథ

“పెళ్లయితే అదే తగ్గుతది” అనే మాట రావిర్యాలలోనైనా, హైదరాబాదులోనైనా కొత్తది కాదు. ఆ నొప్పి వెనుక వ్యాధి ఉండవచ్చునని వైద్యశాస్త్రమూ ఆలస్యంగానే గుర్తించింది.

1860లో వియన్నా వైద్యుడు రోకిటాన్‌స్కీ గర్భాశయపు లోపొర వంటి కణజాలం ఇతరచోట్ల పెరగడాన్ని వర్ణించాడు. నెలసరి రక్తం అండవాహికల గుండా వెనుకకు పోయి పొత్తికడుపులో నాటుకొంటుందని 1927లో అమెరికా వైద్యుడు శాంప్సన్ ప్రతిపాదించాడు. ‘ఎండోమెట్రియోసిస్’ అనే పేరు ఆయన రచనలతోనే స్థిరపడింది.

ఆ కణజాలం చుట్టూ శోథ, అనగా లోవాపు, రేగుతుంది. అక్కడ ఊరే ప్రోస్టాగ్లాండిన్లు నాడులను రెచ్చగొడతాయి. గాయం తరువాత వెన్నుపాము నాడులే అతిసున్నితమవుతాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ఎలుకలలో చూపాడు. కనుకనే వ్యాధి కొద్దిగా ఉన్నా బాధ తీవ్రంగా ఉండవచ్చు. శస్త్రచికిత్స తరువాతా కొందరిని అది వదలదు.

అది నటన కాదు. నెలనెలా బడి మాన్పించే నొప్పి ఉంటే, అమ్మాయిని ఓర్చుకోమనక వైద్యులకు చూపించండి.