పత్తి వేస్తాం, పిల్లల్ని పెంచుతాం: పల్నాటి వాడుకలో ‘పెంచు’ క్రియ ఎల్లలు

పిడుగురాళ్ల చుట్టుపక్కల ఊళ్లలో ‘ఈ ఏడు ఏం పెంచుతున్నారు?’ అని రైతును అడగరు. ‘ఏం వేశారు?’ అని అడుగుతారు. ‘రెండెకరాలు మిరప, ఎకరం పత్తి వేశాం’ అని జవాబు వస్తుంది. అదే రైతు ఇంటి దగ్గర గేదెను పెంచుతాడు, పెరట్లో కరివేపాకు చెట్టు పెంచుతాడు, మనవళ్లను పెంచుతాడు. పెంచు, పండించు, సాకు, పోషించు అనే క్రియల్ని పర్యాయపదాలుగా ఒకే వరుసలో చూపడం మనకు అలవాటు. వాడుకలో ఒకదాని చోట మరొకటి పెట్టి చూస్తే చాలాసార్లు వాక్యం నిలవదు. అది ఎక్కడెక్కడ నిలవదో గమనిస్తే ఈ క్రియల అర్థాలు విడివిడిగా తేటపడతాయని నా అభిప్రాయం. ఇక్కడ చూపే వాడుకలు పల్నాటికే ప్రత్యేకమని అనడం లేదు. చాలావరకు కోస్తా అంతటా వినబడేవే. పత్తి, మిరప, గొర్రెలు, చెట్లు అన్నీ ఒకే ఇంటి మాటల్లో దొరుకుతాయి కాబట్టి ఈ ప్రాంతం పరిశీలనకు అనువుగా ఉంది.

ముందు రూపం సంగతి. వంగు–వంచు, మునుగు–ముంచు, తెగు–తెంచు జంటల్లాగే పెరుగు–పెంచు కూడా ఒక జంట. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ప్రచురించిన ‘తెలుగు వర్బల్ బేసెస్’ ఇలాంటి క్రియామూలాల మీద చేసిన పెద్ద పరిశోధన. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు పెరుగు, పెంచు, పెద్ద అనే మాటల్ని తమిళ ‘పెరు’తో కలిపి ఒకే మూలం కింద చూపుతుంది. అంటే పెంచడంలో అసలు అర్థం పెద్ద చేయడం. ధర పెంచడం, గొంతు పెంచడం, గడ్డం పెంచడం అన్నీ ఇందులో ఇముడుతాయి. ‘పెంచి పెద్ద చేశాం’ అని తల్లిదండ్రులు అంటారే, అందులో ఒకే మూలం రెండుసార్లు పలుకుతోంది.

పంట దగ్గరికి వచ్చేసరికి పరిమాణం అసలు విషయం కాదు. ‘చెట్టు ఏపుగా పెరిగింది గానీ కాపు లేదు’ అని మిరప రైతు అన్నాడంటే అది ఫిర్యాదే. ఆయనకు కావలసింది పెరగడం కాదు, కాయడం, పండడం. పంటకు ‘పండించు’ కుదిరి ‘పెంచు’ కుదరకపోవడానికి ఇదే కారణమనుకుంటే, దాన్ని పరీక్షించే దారి ఒకటుంది. పరిమాణమే సరుకైన చోట ‘పెంచు’ రావాలి. వస్తోంది కూడా. కాగితం మిల్లుల కోసం గుంటూరు, ప్రకాశం పొలాల్లో వేసిన సుబాబుల్, జామాయిల్ తోటల గురించి ‘పెంచుతున్నారు’ అనడం మామూలే. అక్కడ అమ్మేది కర్ర. మిరప నారు మాటా అంతే. రైతు తన మడిలో తానే చల్లుకుంటే ‘నారు పోశాం’ అంటాడు. షేడ్‌నెట్ నర్సరీలో ట్రేలలో మొక్కలు తయారుచేసి అమ్మేవాళ్ల గురించి చెప్పేటప్పుడు ‘నారు పెంచుతున్నారు’ అన్న మాట సులువుగా వస్తుంది. వాళ్లకు ఆ లేత మొక్కే సరుకు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఒక్క కారు పంటే అయినా మిరప పొలాన్ని ‘మిరప తోట’ అంటారు. పత్తిది మాత్రం ‘చేను’. నారు పోసి నాటే పైరు కాబట్టి తోట అయిందందామా అంటే, వరి కూడా నాటేదే, దాన్ని తోట అనరు. విడతలు విడతలుగా కోసేది కాబట్టి అందామా అంటే, పత్తిని కూడా విడతలుగానే తీస్తారు. ఈ రెండు లక్షణాలూ కలిసినప్పుడే ‘తోట’ అవుతుందేమో. వంగ, టమాటా తోటలు ఈ ఊహకు అనుకూలంగానే ఉన్నాయి. అయినా తోట అన్న పేరు ఒక్కటే ‘పెంచు’ను తీసుకురాదు. ‘మామిడి తోట పెంచాం’ అంటారు గానీ మిరప తోటను వేశామనే అంటారు.

‘పండు’, ‘పండించు’ల మధ్య తేడా ఇంకా లోతైనది. ‘ఈ ఏడు మిర్చి పండలేదు’ అంటే వేశాం, చేతికి రాలేదు అని. ‘ఈ ఏడు మిర్చి పండించలేదు’ అంటే అసలు వేయలేదనే ముందుగా అర్థమవుతుంది. 2021–22లో నల్ల తామరపురుగులు పూతలో చేరి మిరపను దెబ్బతీసినప్పుడు చెట్లు నిలబడే ఉన్నాయి, పూత రాలిపోయింది. అలాంటి నష్టాన్ని చెప్పడానికి ‘పండలేదు’ అన్నదే సరైన క్రియ. దున్నడం, నాటడం, తడి పెట్టడం, మందు కొట్టడం రైతు చేతిలో పనులు. పండడం పైరు పని, వాన పని, నేల పని. ‘వేశాం, పండింది’ అన్న రెండు మాటల్లో ఆ పంపకం కనబడుతోంది. పత్రికల్లో, ఉపన్యాసాల్లో ‘రైతులు పండించిన’ అన్న ప్రేరణ రూపం ఎక్కువ. అది తప్పు కాదు, రైతు శ్రమను గౌరవించే రూపమే. కాకపోతే పొలం గట్టు మీద ఎక్కువగా పలికేది ‘పండింది’.

ప్రాణుల విషయంలో మిగిలిన క్రియలు విడిపోతాయి. ముసలి తల్లిదండ్రుల్ని కొడుకు పోషిస్తాడు. పెంచుతాడని ఎవరూ అనరు, వాళ్లిక పెరిగేవాళ్లు కారు. తిండి పెట్టి నిలబెట్టడం ‘పోషించు’కు చాలు. తల్లి లేని పిల్లను మేనత్త సాకుతుంది. ఆ మాటలో దిక్కులేనితనమూ దాన్ని తీర్చిన చేయీ రెండూ ఉన్నాయి. ‘గొర్రెల్ని పెంచుతున్నాడు’ అంటే అవి అతని జీవనాధారం. ‘మేపుతున్నాడు’ అంటే అవి వేరొకరివీ కావచ్చు. ‘ఎదుగు’ తీరు వేరు. దానికి వాడుకలో సకర్మక రూపం దాదాపు లేదు. పిల్లల్ని పెంచగలం, వాళ్లను ‘ఎదగనివ్వాలి’ అంటాం.

    

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం కృష్ణమూర్తి కూర్చిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. ఆ పనికి కొనసాగింపుగా క్రియల్ని వాటి కర్మలతో కలిపి ఊరూరా సేకరించాలి. దానివల్ల నిఘంటువుకే కాదు, పంట నష్టం విచారించేవాళ్లకూ మేలు జరుగుతుంది. ‘ఎందుకు పండించలేకపోయారు?’ అన్న ప్రశ్న రైతును సంజాయిషీ అడుగుతుంది. ‘ఎందుకు పండలేదు?’ అని అడిగితే విత్తనం, వాన, పురుగు, కాలువ నీళ్లు వచ్చిన తేదీ అన్నీ ఒక్కొక్కటిగా జవాబులోకి వచ్చే వీలుంటుంది.